గృహస్థులకు బుద్ధధర్మము

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2024 డిసెంబరు 6వ తేదీన ఒక తీర్మానమును గావించి, ప్రతి సంవత్సరమును డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యానదినముగా జరుపవలసినదని ప్రకటించినది. ఆ తీర్మానమును ముందునకు దెచ్చిన దేశములలో మన భారతదేశ మొకటి. ఈ దేశమున పుట్టిన యొక విద్యను ప్రపంచమంతయు నంగీకరించుట మనకు సంతోషకరమే. అయినను ఒక దినమునకు పేరు పెట్టినంతమాత్రమున ఆ విద్య మనకు వశమైనదని తృప్తి జెందుట తగదు. ధ్యానమును దినదిన జీవితమున ఉపయోగించుకొనుట యనగా నేమి? దాని ఫల మెచ్చట గనబడవలెను? ఈ ప్రశ్నలను మన గృహస్థులు, అందును ఆస్తియు వ్యవహారమును గలిగి పదిమందిచేత పని చేయించుకొనువారు, తమకు తామే వేసికొనవలసిన సమయము వచ్చినదని మేము తలంచుచున్నాము.

పాశ్చాత్యదేశములందు బౌద్ధధ్యానము గత యర్ధశతాబ్దిలో వైద్యశాలలోనికి ప్రవేశించినది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున జాన్ కబత్‌జిన్ అను నాతడు దీర్ఘవ్యాధులచే బాధపడువారికి ధ్యానశిక్షణ నారంభించెను. మాటిమాటికి తిరుగబెట్టు మనోవిషాదమునకు ఇట్టి శిక్షణ నుపయోగింపవచ్చునని ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యప్రమాణసంస్థ 2004లో సూచించెను. గూగుల్ కంపెనీ 2007లో తన యుద్యోగులకు ధ్యానశిక్షణ ప్రారంభించెను. నేడు సెల్‌ఫోనులోనే ధ్యానము నేర్పు సాధనములు వెలసినవి. మనస్సును ముక్కలు చేయు యంత్రమే మనస్సును గూర్చుట నేర్పెదనని ముందునకు వచ్చుట వింతగనే యున్నది.

వీనివలన మేలు జరుగలేదని మేము చెప్పబోము. నొప్పితోను నిద్రలేమితోను కుములువానికి కొంత యుపశమనము కలిగిన నది మంచిదే. కాని ఈ శిక్షణ సర్వరోగనివారిణి గాదు. యునైటెడ్ కింగ్‌డములో ఎనిమిదివేలకు పైగా విద్యార్థులను జేర్చుకొని జరిపిన పరీక్షయొక్క ఫలితములు 2022లో వెలువడినవి. పాఠశాలలో పాఠమువలె నేర్పిన ధ్యానశిక్షణ, మామూలుగా జరుగు బోధనకంటె ఆ బాలురకు అధికమైన మేలు చేసినట్లు కనబడలేదు. గంట కొట్టగనే కన్నులు మూసికొని, మరల గంట కొట్టగనే కన్నులు తెఱచి, తక్కిన జీవితమును మునుపటివలెనే నడపినచో ఫల మంతకు మించి యుండునని యాశించుటకు హేతువేమి?

బుద్ధభగవానుని బోధయందు మూడు మెట్లు గలవు. మొదటిది శీలము, రెండవది సమాధి, మూడవది ప్రజ్ఞ. ఇతరులను హింసింపక, వంచింపక, నోటిని చేతిని శుద్ధిగా నుంచుకొనుట శీలము. అట్టి జీవితముగలవాని మనస్సు నిలుకడ జెందుట సమాధి. నిలిచిన మనస్సుతో వస్తువుల యథార్థస్థితిని, వాని యనిత్యతను దనయందే చూచుకొనుట ప్రజ్ఞ. నేడు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది నడిమి మెట్టు మాత్రమే. క్రింది మెట్టును విడిచి నడిమి మెట్టుపై కాలు మోపుట యెట్లు? పగలంతయు తూనికలో మోసము చేసి, సాయంకాలమున అరగంట శ్వాసను గమనించువాడు తన మోసమును మఱింత నెమ్మదిగా, మఱింత నిబ్బరముగా జేయుట నేర్చుకొనుచున్నాడన్న తప్పేమి?

గృహస్థునకు బుద్ధుడు చెప్పిన ధర్మమేమో తెలియగోరువారు దీఘనికాయమున నున్న సిగాలోవాద సూత్రమును జూడవలెను. రాజగృహమున సిగాలుడను గృహస్థకుమారుడు ప్రాతఃకాలమున స్నానముచేసి, తడిబట్టలతో, తడిసిన జుట్టుతో, చేతులు జోడించి ఆఱు దిక్కులకు మ్రొక్కుచుండెను. తండ్రి యంత్యకాలమున జెప్పిన మాట గనుక చేయుచున్నానని యాతడు విన్నవించెను. భగవానుడు ఆ మ్రొక్కును మాన్పింపలేదు. దాని యర్థమును మార్చెను. తూర్పు దిక్కు తల్లిదండ్రులు, దక్షిణము గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరము మిత్రులు, పై దిక్కు శ్రమణబ్రాహ్మణులు, క్రింది దిక్కు సేవకులు, పనివారు. ఈ యాఱుగురియెడల తన విధిని నెఱవేర్చుటయే దిక్కులకు మ్రొక్కుట యని బోధించెను. ప్రతి సంబంధమునందును రెండు పక్షములవారికిని విధు లేర్పరచెను. ఒకడు మాత్రమే ఋణపడియుండు సంబంధ మొక్కటియు నందులో లేదు.

మన పాఠకులు ఆ క్రింది దిక్కును గూర్చి ప్రత్యేకముగా నాలోచింపవలెనని మా కోరిక. యజమానుడు పనివారికి చేయవలసినవి ఐదని యా సూత్రము చెప్పుచున్నది: వారి శక్తికి తగినట్లు పని పంచుట, అన్నమును కూలియు నిచ్చుట, రోగము వచ్చినప్పుడు చూచుకొనుట, తన యింట విశేషమైన వంటక మున్నప్పుడు వారికిని పెట్టుట, తగిన కాలమున సెలవొసగుట. రెండువేల యేండ్లకు పూర్వపు ఈ పట్టికను చేతబట్టుకొని మన పట్టణములలో ఎన్ని యిండ్ల పనిమనిషికి వారమున కొకదిన మైనను సెలవున్నదో, ఎన్ని దుకాణముల గుమాస్తాకు జ్వరము వచ్చిన దినపు జీతము కోతపడకున్నదో లెక్క చూచుకొనవచ్చును. ధ్యానమునకు గూర్చున్నవాని గదిలో నిశ్శబ్దముండుటకై వంటయింట మఱియొకరు కాళ్లు నొప్పిపుట్టునట్లు నిలిచియున్నచో, ఆ నిశ్శబ్దమునకు వెల యెవరు చెల్లించుచున్నారో యోచింపవలదా?

పల్లెలలో ఈ క్రింది దిక్కు మఱింత స్పష్టముగా గనబడును. కృష్ణా గోదావరి మండలములలో భూమి యొకరిదై సేద్య మింకొకరిదైన పొలములు పెక్కులు. కౌలుమాట తఱచుగా నోటిమాటయే. పైరు మునిగిన సంవత్సరమున పెట్టుబడి పెట్టినవాడు కౌలురైతు. కాగితముపై పేరున్నవాడు యజమాని. ఈ చిక్కును దీర్చుటకై ఆంధ్రప్రదేశమున 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము చేయబడినది. పదునొకండు నెలల యొడంబడికపై కౌలురైతునకు సాగుపత్రము లభించుననియు, దానితో బ్యాంకు అప్పునకును, పంటల బీమాకును, నష్టపరిహారమునకును ఆతడర్హుడగు ననియు, యజమానుని హక్కునకు భంగము రాదనియు నా చట్టము చెప్పెను. కాని యా పత్రమునకు యజమానుని సమ్మతి కావలసివచ్చెను. భూమి చేయిదాటునను భయముచే ఆ సమ్మతి నీయనివారు అనేకులు. చట్టములు మారవచ్చును, మఱల రావచ్చును. కాని ఒక యజమానుడు పది దినములు మౌనవ్రతము బట్టి, లోభమును భయమును దనయందు బుట్టి గిట్టుచుండగా గమనించి వచ్చి, ఇంటికి జేరిన మఱునాడు ఆ కాగితముపై సంతకముచేయ నిరాకరించునేని, ఆతడు గమనించిన దేమి? తన భయమును కన్నులు మూసికొని చూచినవానికి కన్నులు తెఱచినప్పు డది కనబడకపోవుట యెట్లు?

బుద్ధధర్మము ధనమునకు శత్రువని కొందఱి యపోహ. కోలియుడైన దీఘజాణు వను గృహస్థుడు భగవానుని సమీపించి, మేము బిడ్డలతో గాపురముచేయుచు, కాశీచందనము బూసికొనుచు, వెండిబంగారముల నంగీకరించువారము, మాకు తగిన ధర్మము చెప్పుమని యర్థించెను. భగవానుడు అతనిని అడవికి బొమ్మనలేదు. పనియందు నేర్పును శ్రద్ధయు, న్యాయముగ నార్జించినదానిని గాపాడుకొనుట, మంచివారి స్నేహము, ఆదాయమును వ్యయమును ద్రాసుపట్టినవానివలె జూచుకొని బ్రతుకుట యను నాలుగింటి నుపదేశించెను. సిగాలునకు జెప్పిన బోధలో వచ్చిన ధనమును నాలుగు పాళ్లుచేసి, ఒక పాలు అనుభవింపుమనియు, రెండు పాళ్లు వ్యవహారమున బెట్టుమనియు, ఒక పాలు ఆపదకై దాచుమనియు గలదు. మద్యము, జూదము, దుష్టస్నేహము, సోమరితనము, అకాలసంచారము, వినోదవ్యసనము ధనమునకు చిల్లులని హెచ్చరిక గలదు. వ్యవహారము విషయమున నొక యెల్ల మాత్రము గీయబడినది. ఆయుధములు, ప్రాణులు, మాంసము, మత్తుపదార్థములు, విషము, ఈ యైదింటి వర్తకమును ఉపాసకుడు చేయరాదు. ఇతరుల కీడుచే నిండు పెట్టెకు తాళమువేసి ధ్యానమునకు గూర్చున్నచో మనస్సు నిలువదని దీని తాత్పర్యము.

ఇక ధ్యానవిద్య మన దేశమునకు మఱల వచ్చిన మార్గమును జూడుడు. బ్రహ్మదేశమున లెడీ సయడా (1846–1923) అను భిక్షువు, విహారములలో భిక్షువులకే పరిమితమైయున్న విపస్సనను గృహస్థులకును నేర్పుటకు బూనుకొనెను. ఆయన శిష్యపరంపరలో సయా థెట్‌జీ (1873–1945) రంగూను సమీప గ్రామమున వరిపొలము సేద్యముచేయు రైతు. 1903లో ప్రబలిన కలరాచే బిడ్డను బంధువులను గోల్పోయి, శాంతిని వెదకికొని యిల్లు విడిచి, ఏండ్ల తరువాత మరల గ్రామమునకు వచ్చి గృహస్థుడుగనే గురువైనవాడు. 1937లో ఆతనివద్ద నేర్చినవాడు ఊ బా ఖిన్ (1899–1971). ఈయన ప్రభుత్వ లెక్కల కార్యాలయమున గుమాస్తాగా జేరి, 1948 జనవరి 4వ తేదీన బ్రహ్మదేశము స్వతంత్రమైననాడు ఆ దేశపు ప్రథమ అకౌంటెంట్ జనరల్ పదవి నలంకరించెను. ఈయనవద్ద 1955లో నేర్చినవాడు మాండలేలో బుట్టిన మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా (1924–2013). తలనొప్పి బాధకు మందులు ఫలింపక వెళ్లినవాడు. 1969లో ఆయన భారతదేశమునకు వచ్చి బొంబాయిలో మొదటి శిబిరము నడపెను. భిక్షువునుండి రైతునకు, రైతునుండి ఉద్యోగికి, ఉద్యోగినుండి వర్తకునకు ఈ విద్య వచ్చినది. ఈ విద్య సన్యాసులకే గాని సంసారులకు గాదనువారికి ఇంతకంటె వేఱు సమాధాన మేల?

ఊ బా ఖిన్ జీవితమున మా దృష్టి నాకర్షించిన దొకటి గలదు. ఆయన ధ్యానమునకై పదవిని వదలలేదు. పదవినే ధ్యానమునకు పరీక్షాస్థలము గావించుకొనెను. కార్యాలయమున నొక గదిని ప్రత్యేకించి తన క్రింది యుద్యోగులకు ధ్యానము నేర్పెను. లెక్కల పరిశీలనలో నిక్కచ్చితనమునకును, లంచమునకు లొంగని స్వభావమునకును పేరుగాంచెను. 1952లో రంగూనున ధ్యానకేంద్రము స్థాపించిన పిమ్మటను అనేక సంవత్సరములు ప్రభుత్వోద్యోగములను నిర్వహించి, 1967లో విరమించెను. ఫైలు కదలవలెనన్న చేయి తడుపవలసిన దేశములో ఈ యుదాహరణము ఎంత విలువగలదో మన పాఠకులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ధ్యానముచేయు నధికారియొక్క బల్లమీద బీదవాని యర్జీ ఎన్నిదినములు పడియున్నదో, అదియే ఆ యధికారి ధ్యానమునకు కొలమానము.

ఈ శిబిరముల పద్ధతిని తెలియనివారికి రెండు మాటలు. పది దినములపాటు ఇల్లును, ఫోనును, పుస్తకమును విడిచి కేంద్రముననే యుండవలెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవవలెను. మొట్టమొదట పంచశీలములను స్వీకరింపవలెను. తొమ్మిది దినములు మౌనము. తొలుత నాసికవద్ద సహజముగ వచ్చిపోవు శ్వాసను గమనించుట, పిమ్మట శరీరమున గలుగు వేదనలను సుఖమైనను దుఃఖమైనను ప్రతిక్రియ లేక చూచుట, తుదకు సర్వప్రాణులయెడ మైత్రిని భావించుట. రుసుము లేదు, ముగించినవారు తమకు తోచినది తరువాతివారికై యిత్తురు. మన ప్రాంతమున హైదరాబాదునుండి నాగార్జునసాగరునకు బోవు మార్గమున ఇట్టి కేంద్రము గలదు. 1994 ఏప్రిలులో ఢిల్లీలోని తీహారు కారాగారమున వేయిమందికి పైగా ఖైదీలు ఒక్కసారిగా ఇట్టి శిబిరమున గూర్చుండిరి. దొంగతనము చేసినవానికి పనికివచ్చిన విద్య, దొంగతనము బయటపడని పెద్దమనుష్యునకు పనికిరాకపోదు.

అయితే పది దినములు తీరిక లేనివారి గతి యేమి? ఇంటనున్నవాడు చేయదగినది బుద్ధుడు తన కుమారుడైన రాహులునకే చెప్పియున్నాడు. అద్ద మెందుకని ప్రశ్నించి, చూచుకొనుట కని యతడు బదులుచెప్పగా, అట్లే ప్రతి పనిని చేయుటకు ముందును, చేయుచున్నప్పుడును, చేసిన పిమ్మటను చూచుకొనవలెననియు, అది తనకుగాని పరులకుగాని కీడుదెచ్చునేని మానవలెననియు బోధించెను. ఇందుకు ఆసన మక్కఱలేదు, గది యక్కఱలేదు. కోపముతో సెల్‌ఫోనున నొక సందేశమును వ్రాసినవాడు దానిని పంపుటకు ముందు మూడు శ్వాసలు గమనించుట రాహులుని యద్దమే. తమ్మునిపై దావావేయ వకీలునొద్దకు బోవుటకు ముందు ఒక రాత్రి యాగి, తన యందలి పట్టుదల ఎంత, న్యాయమెంత యని వేఱుచేసి చూచుకొనుట ఆ యద్దమే. రాత్రి దుకాణపు లెక్క మూసినప్పుడు రూపాయల లెక్కతోపాటు నేడెవరిని కసరితిని, ఎవరికి తక్కువ తూచితినని రెండు నిమిషములు చూచుకొనుటయు అదియే. భోజనము ముందు ఫోను ప్రక్కకు బెట్టి, వడ్డించినవారి ముఖమును చూచి తినుటయు స్మృతియే యగును.

ఇచ్చట రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. తీవ్రమైన మనోవ్యాధి గలవారు దీర్ఘధ్యానమునకు గూర్చున్నచో కొందఱికి వ్యాధి ముదురుటయు గలదు. అట్టివారు వైద్యుని సలహా లేక యిందు దిగరాదు, మందులను మానరాదు. రెండవది, అన్యాయమునకు గుఱియైన వానికి ధ్యానము నేర్పి యూరకుండుమనుట ధర్మము గాదు. జీతము సరిగా నీయని యజమానుడు, పండ్రెండు గంటలు పని చేయించుకొని, అలసట దీరుటకు పదినిమిషముల ధ్యానము గావింపుడని చెప్పుట పుండును మాన్పక పూలమాల వేయుటవంటిది. ఓర్పును పనివానికిని, ప్రజ్ఞను యజమానునికిని పంచిపెట్టు పంపకము బుద్ధబోధలో లేదు.

1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున లక్షలాది జనముతో బౌద్ధమును స్వీకరించిన డాక్టరు అంబేడ్కరు ఈ విషయమునే నొక్కి చెప్పెను. ఆయన మరణానంతరము 1957లో ప్రచురింపబడిన ‘బుద్ధుడు, అతని ధర్మము’ అను గ్రంథమున ధర్మము సంఘసంబంధమైనదనియు, మనుష్యునకు మనుష్యునకు నడుమ నుండవలసిన నడవడియే ధర్మమనియు సిద్ధాంతీకరించెను. ఒంటరియైన వానికి ధర్మముతో పనిలేకపోవచ్చును. ఇరువురు కలిసిరేని తప్పదు. ధ్యానమును ఏకాంత సౌఖ్యముగా భావించువారికి ఈ వాక్యార్థము చేదుగ దోచవచ్చును, కాని యిదియే పథ్యము.

ఆంధ్రులకు ఈ ధర్మము క్రొత్త గాదు. అమరావతీ స్తూపమును గట్టినవారు రాజులు మాత్రమే కారు. విధికుడను చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో గూడి పూర్ణఘట ఫలకము నొకదానిని సమర్పించినట్లు అచ్చటి శాసనము చాటుచున్నది. నాగార్జునకొండయందు బోధిసిరి యను నుపాసిక సింహళాచార్యులకై చైత్యగృహమును గట్టించుటయేగాక, పూర్వశైలమున తటాకమును నిర్మించినట్లు శాసనమున గలదు. ఆచార్య నాగార్జునుని కృతిగా ప్రసిద్ధమైన రత్నావళి రాజునకు శూన్యతను బోధించుటతో నిలువక, రోగులను దిక్కులేనివారిని కాపాడుమనియు, కష్టములోనున్న రైతులకు విత్తనము లిమ్మనియు, అధికమైన పన్నులు తగ్గింపుమనియు నుపదేశించెను. శూన్యతను గూర్చి లోకమున నెల్ల గంభీరముగ నాలోచించినవారిలో నొకడైన యాచార్యునకు రైతు విత్తులగంప అల్పవిషయముగా దోపలేదు. తటాకము ద్రవ్వించిన యుపాసికకును, ఫలకము జెక్కించిన చర్మకారునకును ధర్మ మింటిపనినుండి వేఱుగ నుండలేదు. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలముల క్రిందనున్నది. కాని యా నీటితో పండు పొలములపై బ్రతుకువారమైన మనకు ఆ ఋణము తీరలేదు.

కావున మన పాఠకులకు మా విన్నప మిది. ధ్యానము చేయుడు, ప్రాతఃకాలమున అరగంట యైనను ఫోను ముట్టకముందు శ్వాసను గమనింపుడు. వీలైనవారు పది దినములు వెచ్చించి పద్ధతిగ నేర్చికొనుడు. కాని దాని ఫలమును మీ గదిలో వెదకవలదు. మీ కౌలురైతు ముఖమున, మీ గుమాస్తా జీతపు పుస్తకమున, మీ యింటి పనిమనిషి సెలవు దినమున, పంపకములలో మాట నిలుచుటయందు వెదకుడు. ప్రతి సంవత్సరము డిసెంబరు 21వ తేదీన మన యూళ్లలో సభలు జరుగును, ఉపన్యాసములు నడుచును, ఛాయాచిత్రములు పత్రికలలో బడును. ఆనాడు క్రింది దిక్కునకు ఒక్కసారి మ్రొక్కి, దాచియుంచిన యొక సాగుపత్రముపై సంతకముచేసిన భూస్వామి యొక్కడున్నను, ఆ సభలన్నింటికంటె నాతడు సిగాలునకు జెప్పిన ధర్మమును చక్కగ గ్రహించినవాడని మేము చెప్పుదుము.